ఖాళీగా వదిలిన సందు

ఈల మోగింది. కోచ్ రస్క్ టోపీ తీసి, బట్టతల మీద పడ్డ ఎర్రదుమ్ము దులుపుకుని, మైదానం మధ్యకి తాపీగా నడిచి వచ్చాడు. ఆయన అరవడు. అరిచే కోచ్‌ల దగ్గర పెరిగిన కుర్రాళ్లకి అదే ఎక్కువ భయంగా ఉండేది.

"వేడ్," అన్నాడు. "ఇప్పుడు నువ్వు ఎవరింట్లో ఉన్నావు?"

వేడ్ స్టిడమ్ కాళ్ల కిందికి చూసుకున్నాడు. "టెవిన్ ఇంట్లో, కోచ్."

"మరి నీ ఇంట్లో ఎవరున్నారు?"

ఆ ప్రశ్నకి జవాబు వేడ్ చెప్పక్కర్లేకపోయింది. బంతి పట్టుకుని పరిగెత్తే ఎమెట్ అప్పటికే వేడ్ వదిలేసిన సందులోంచి దూరి, ఎవరూ అడ్డం లేని గడ్డిలో షికారు చేసి, తీరిగ్గా వెనక్కి వస్తున్నాడు. పక్కనుంచి పోతూ, "తలుపు తీసి ఉంచినందుకు థాంక్స్ అన్నా," అన్నాడు. మిగతావాళ్లు కిసుక్కున నవ్వారు. వేడ్ హెల్మెట్ లోపల చెవులు కాలిపోయాయి.

రెడ్‌ఫోర్క్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి వసంతకాలపు ప్రాక్టీసు మొదలైనప్పటి నుంచీ ఇదే తంతు. పోయిన ఏడాది ఓటముల దెబ్బకి పాత కోచ్‌ని సాగనంపారు. ఆయన చోటికి వచ్చిన రస్క్ తన వెంట కొత్త డిఫెన్సు, అంటే ఎదుటివాళ్లని ఆపే పద్ధతి, తెచ్చాడు. పాత పద్ధతి అందరికీ అలవాటైన పద్ధతి. ముందు వరుసలో నలుగురు భారీకాయులు, వాళ్ల వెనక లైన్‌బ్యాకర్లు, ప్రతి సందుకీ ముందే ఒక కాపలా. రస్క్ ఆ నలుగురిలో ఒకణ్ణి పీకేశాడు. మిగిలింది ముగ్గురు. దాంతో వరుసలో ఒక సందు కావాలనే ఖాళీగా ఉంటుంది. ఖాళీ చూసి ఆశపడి పరిగెత్తేవాడు అటే వస్తాడు. అప్పుడు అల్లంత దూరాన, అందరికన్నా వెనక నిలబడ్డ సేఫ్టీ పరుగున వచ్చి ఆ సందు మూసేస్తాడు. ఆ సేఫ్టీ పేరు టెవిన్; కోచ్ భాషలో ఆ సందు టెవిన్ ఇల్లు. రెండో ఏడాది కుర్రాడు.

వేడ్ మధ్యలో నిలబడే లైన్‌బ్యాకర్. వచ్చే సీజన్ కాలేజీలో అతనికి ఆఖరిది. కొత్త పద్ధతి అతనికి అర్థం కాక కాదు. తెల్లబోర్డు మీద గీతలు గీసి చిన్నవాళ్లకి పాఠం చెప్పింది అతనే. బుర్రకి ఎక్కింది గానీ కాళ్లకి ఎక్కలేదు. పక్కనే సందు బార్లా తెరిచి ఉంటే చూస్తూ ఊరుకోవడం, వీధి తలుపు గడియ పెట్టకుండా పడుకోమన్నట్టు ఉండేది అతనికి. బంతి కదలగానే కాళ్లు వాటంతట అవే టెవిన్ సందులోకి పోయేవి.

దానికి కారణం నవంబర్‌లో జరిగింది. పక్క ఊరి కాలేజీతో ఏటా ఆడే ఆట, సన్నగా మంచు పడుతోంది, గెలుపు చేతిలోనే ఉంది. ఆఖరి నిమిషంలో వాళ్లవాడు ఒకడు వరుస చీల్చుకుని బయటపడ్డాడు. ఎదురుగా టెవిన్ ఒక్కడే ఉన్నాడు. టెవిన్ చేతులు చాచి కౌగిలించుకున్నది గాలిని. ఆట చేజారింది. తిరుగు బస్సులో టెవిన్ కిటికీ అద్దానికి తల ఆనించి కూర్చున్నాడు. ఆ తలని వెనక సీట్లోంచి చూస్తూ వేడ్ ఒక నిర్ణయానికి వచ్చేశాడు: ఇక మీదట బంతిని వీడిదాకా పోనివ్వకూడదు. ఎవరితోనూ అనలేదు. పైగా అది పెద్ద సాయం అనుకున్నాడు మహానుభావుడు.

ఇప్పుడు ఆ సాయమే అతని మెడకి చుట్టుకుంది. డిఫెన్సులో ఒక్కడి హెల్మెట్‌లోనే చిన్న స్పీకరు ఉంటుంది, వెనక ఆకుపచ్చ చుక్క అంటించి ఉంటుంది. కోచ్ పక్కగీత దగ్గర నిలబడి చెప్పేది వాడికే వినిపిస్తుంది, వాడు మిగతావాళ్లకి అరిచి చెబుతాడు. చుక్క ఎవడిదో డిఫెన్సు వాడిది. ఇన్నేళ్లుగా వేడ్ ఎదురుచూసింది దానికోసమే. రస్క్ మాత్రం రోజుకొకరికి ఇస్తున్నాడు, ఒకరోజు వేడ్‌కి, ఒకరోజు బ్రిగ్స్‌కి. బ్రిగ్స్‌కి వేడ్‌కి ఉన్న బలమూ లేదు, అనుభవమూ లేదు. కానీ నిలబడమన్న చోట నిలబడతాడు. శనివారం జరిగే వసంతపు ఆటతో చుక్క ఎవరిదో తేలుస్తానని కోచ్ అందరి ముందూ చెప్పేశాడు.

గురువారం మధ్యాహ్నం భోజనాల దగ్గర వేడ్ చికెన్-ఫ్రైడ్ స్టేక్ పళ్లెం పట్టుకుని టెవిన్ పక్కన కూర్చున్నాడు. టెవిన్ గ్రేవీలో రొట్టె ముంచుకుంటున్నాడు.

"పొద్దున చూశావా, కోచ్ నన్ను ఎలా ఏకాడో," అన్నాడు వేడ్.

"చూశా."

"నేను వెళ్లకపోతే ఎమెట్ నీ సందులోంచి పోయేవాడు కదరా."

టెవిన్ రొట్టె పళ్లెంలో పెట్టేశాడు. "పోయేవాడేమో. నాకెలా తెలుస్తుంది? నన్నెప్పుడు చూడనిచ్చావ్?" అని పళ్లెం తీసుకుని లేచి, రెండో జట్టు వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. వేడ్‌కి ఏమీ బోధపడలేదు. వీడి కోసం నేను చస్తుంటే వీడికే కోపమా అనుకుని, ఆ కోపంలో టెవిన్ బల్ల మీద వదిలేసిన గిన్నెలోని పీచ్ కాబ్లర్ మిఠాయి కూడా తినేశాడు.

ఆ సాయంత్రం కోచ్ రస్క్ అతన్ని ఒక్కణ్ణే వీడియో గదికి పిలిచాడు. గదిలో పాప్‌కార్న్ వాసన, పాత కార్పెట్ వాసన. కోచ్ తెర మీద పొద్దుటి ప్రాక్టీసు వీడియో పెట్టాడు.

"నిన్ను నువ్వు చూసుకోకు. నీ మొహం నీకు తెలిసిందే," అన్నాడు. "వెనక టెవిన్ని చూడు."

బంతి కదిలింది. తెర పైభాగంలో చిన్నగా కనిపిస్తున్న టెవిన్ కూడా అదే క్షణంలో కదిలాడు. అడుగు తడబడలేదు. ఖాళీ సందు వైపు తిన్నగా, మైదానంలో అందరికన్నా వేగంగా వస్తున్నాడు. ఇంకో రెండంగల్లో అక్కడ ఉంటాడు. సరిగ్గా అప్పుడు తెరలోకి వేడ్ వీపు అడ్డం వచ్చింది. టెవిన్ మడమలు నేలకి తన్నిపెట్టి ఆగిపోయాడు. ఎమెట్ చక్కగా వెనక్కి తిరిగి, వేడ్ ఖాళీ చేసిన చోటునుంచి దూసుకుపోయాడు.

కోచ్ ఇంకోటి పెట్టాడు. అదే కథ. ఇంకోటి పెట్టాడు. ప్రతిసారీ టెవిన్ వస్తున్నాడు, వేడ్ వీపు చూసి ఆగుతున్నాడు.

"వాడెందుకు ఆగుతున్నాడు?" అన్నాడు వేడ్.

"మొదటి వారం మీరిద్దరూ అదే సందులో తలలు గుద్దుకున్నారు గుర్తుందా? వాడు తెలివైనవాడు. ఒకే గుమ్మంలో ఇద్దరు పట్టరని ఒక్క దెబ్బకే నేర్చుకున్నాడు." కోచ్ బొమ్మ ఆపి కుర్చీలో వెనక్కి వాలాడు. "నేనూ మోసపోయాను. నవంబర్ ఆట వీడియో చూసి వచ్చినవాణ్ణి కదా, వీడికి గుద్దుకోవడమంటే భయం అనుకున్నా. రెండో జట్టుకి దింపేద్దామని కూడా అనుకున్నా. ఇవాళ మళ్లీ చూస్తే అర్థమైంది. వాడు రోజూ వస్తున్నాడు. ఆపుతున్నది నువ్వు."

వేడ్ తెర మీద ఆగిపోయిన టెవిన్ బొమ్మని మళ్లీ చూశాడు. తను పైకెత్తుతున్నాను అనుకున్నవాణ్ణి ఇన్నాళ్లూ తొక్కిపెట్టింది తనే.

"నీ మీద నాకు కోపం లేదు అబ్బాయ్," అన్నాడు కోచ్. "నీ అంత కష్టపడేవాడు ఈ జట్టులో లేడు. అదే వచ్చిన చిక్కు. శనివారం నీ ఇంట్లో నువ్వుండు. ఉండలేనంటే చుక్క బ్రిగ్స్‌కి ఇస్తా. ఇల్లు వదిలి పక్కింట్లో తిరిగేవాడి చేతికి తాళాలు ఇవ్వలేను."

వేడ్ తిన్నగా ఆటగాళ్ల దెబ్బలకి చికిత్స చేసే గదికి వెళ్లాడు. టెవిన్ అక్కడ ఐసు నీళ్ల తొట్టిలో నడుం లోతున కూర్చుని, కళ్లు మూసుకుని పళ్లు కొరుకుతున్నాడు. వేడ్ బూట్లు విప్పి, చొక్కా విప్పి, ఎవరూ చెప్పకుండానే పక్క తొట్టిలోకి దిగాడు. దిగగానే ప్రాణం పోయినంత పనైంది.

"నీకేం దెబ్బ తగిలిందని దిగావ్?" అన్నాడు టెవిన్ కళ్లు తెరవకుండానే.

"తగల్లేదు. తగలాల్సింది." వేడ్ ఊపిరి కూడదీసుకున్నాడు. "ప్రాక్టీసు మొదలైనప్పటి నుంచీ నీ సందులో నేను నిలబడుతున్నా. నవంబర్‌లోలా నువ్వు మళ్లీ వదిలేస్తావని భయమేసి. నీతో అనకుండా చేశాను. తప్పు చేశాన్రా."

"తెలుసు."

"తెలిస్తే అడగలేదేం?"

"ఏమని అడగాలి? నువ్వు సీనియర్‌వి. పైగా ఆ ఆట తర్వాత నా మీద నాకే నమ్మకం లేదు, నిన్ను నమ్మమని ఏ మొహం పెట్టుకుని అడగను?"

"ఇప్పుడో?"

"ఇప్పుడు నీ మీద ఒళ్లు మంటగా ఉంది. ఈ నీళ్లలో కూడా చల్లారట్లా." టెవిన్ కళ్లు తెరిచాడు. పెదాలు నీలంగా ఉన్నా కొంచెం నవ్వాడు. "చూడన్నా, నేను రాకపోతే అందరి ముందూ తిట్టు. పడతా. కానీ రాకముందే వచ్చి నా చోట నిలబడకు."

"సరే."

"సరే అంటే కాదు. నీ కాళ్లకి చెప్పు."

"అవి ప్రస్తుతం నా దగ్గర లేవు. ఎక్కడున్నాయో తెలియట్లా," అన్నాడు వేడ్ వణుకుతూ. ఆ మాటకి టెవిన్ పగలబడి నవ్వాడు. నవంబర్ తర్వాత వాడు అలా నవ్వగా వేడ్ వినడం అదే మొదలు.

శనివారం గాలి మామూలుగానే జెండాలు చింపేలా వీచింది. మిట్టమధ్యాహ్నం ఊళ్లో సుడిగాలి హెచ్చరిక సైరన్ వారం వారం పరీక్షకి మోగినట్టే మోగింది, మామూలుగానే ఎవరూ తల ఎత్తలేదు. వేడ్ అమ్మమ్మ ఓపల్ గోధుమ పొలాల మీదుగా పికప్ ట్రక్కు నడుపుకుంటూ వచ్చి, తన మెత్త, తన పొద్దుతిరుగుడు గింజల పొట్లం సర్దుకుని, అందరికన్నా ముందు వరుసలో కూర్చుంది. వేడ్‌ని పెంచింది ఆవిడే. ఫుట్‌బాల్‌లో ఆవిడకి తెలిసింది ఒకటే, మనవడు ఎవణ్ణో ఒకణ్ణి కింద పడెయ్యాలి. పడేస్తే బాగా ఆడినట్టు.

వసంతపు ఆటలో బయటి జట్టు ఎవరూ రారు. బంతి ఆడే వాళ్లు ఒకవైపు, ఆపేవాళ్లు ఒకవైపు. గెలిచినవాళ్లకి రాత్రి భోజనంలో స్టేక్, ఓడినవాళ్లకి ఉడికించిన బీన్స్. ఓడినవాళ్లే స్టేక్‌లు వడ్డించాలి కూడా. ఆ బీన్స్ అవమానం తప్పించుకోవడానికి ఈ కుర్రాళ్లు అసలు ఆటలకన్నా దీన్ని గట్టిగా ఆడతారు.

మొదటిసారి బంతి కదలగానే వేడ్ కాళ్లు ఎప్పటిలాగే పక్కకి పోయాయి. అర అడుగే. ఎమెట్‌కి అది చాలు. వేడ్ వదిలిన చోటునుంచి దూరి చాలా దూరం పోయాడు. హెల్మెట్‌లో కోచ్ గొంతు, "ఎవరిల్లు అది?" అని మాత్రం అంది. ఇంకో రెండుసార్లు బంతి కదిలాక మళ్లీ అదే పొరపాటు జరిగింది. కోచ్ చెయ్యి ఊపి అతన్ని బయటికి పిలిచి, బ్రిగ్స్‌ని పంపాడు.

వేడ్ బెంచీ మీద కూర్చుని బ్రిగ్స్‌ని చూశాడు. చూడ్డానికి ఏమీ లేదు. బ్రిగ్స్ తన సందులో స్తంభంలా నిలబడ్డాడు, అంతే. కానీ వెనకనుంచి టెవిన్ వచ్చాడు. ఒకసారి వచ్చి ఎమెట్ నడుం పట్టుకుని నేలకి దించాడు. ఇంకోసారి వచ్చాడు. ఒకసారి మాత్రం కొంచెం ఆలస్యమై, ఎమెట్ పక్కనుంచి జారిపోయాడు. బెంచీ మీద వేడ్ ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. ఆకాశమేమీ విరిగి పడలేదు. టెవిన్ మోకాళ్ల మీద గడ్డి దులుపుకుని మళ్లీ తన చోటికి పోయాడు. తర్వాత బంతి కదలగానే మళ్లీ వచ్చాడు.

వాడు తప్పితే తప్పుతాడు, మళ్లీ వస్తాడు, దానికి నేను అడ్డుపడక్కర్లేదు అన్న సంగతి వేడ్‌కి బెంచీ మీద కూర్చున్నప్పుడు ఎక్కింది. ఇన్నేళ్లలో ఆ బెంచీ అతనికి చేసిన మేలు అదొక్కటే.

ఆట చివర్లో కోచ్ మళ్లీ అతన్ని పంపాడు. ఆపేవాళ్లు ఒక్క పాయింటు ముందున్నారు. దాటితే పాయింట్లు వచ్చే గీతకి బంతి రెండు గజాల దూరంలో ఉంది, ఇక కదిలేది ఒకే ఒక్కసారి. ఎమెట్ గీత దాటితే బీన్స్. వేడ్‌కి మాత్రం బీన్స్ గుర్తు లేవు. కోచ్ తనకి ఇస్తున్న ఆఖరి అవకాశం ఇదని అతనికి తెలుసు.

చెవిలో కోచ్ గొంతు ఏ పద్ధతి ఆడాలో చెప్పింది. వేడ్ దాన్ని అందరికీ అరిచి చెప్పాడు. "వేడ్," అంది గొంతు మళ్లీ, ఇంకేదో చెప్పబోతూ. అక్కడితో తెగిపోయింది. బంతి కదలబోయే ముందు స్పీకరు ఆగిపోవాలని నిబంధన. ఆ తర్వాత హెల్మెట్‌లో గాలి హోరు తప్ప ఏమీ లేదు. వేడ్ వెనక్కి తిరిగి టెవిన్ ఉన్నాడో లేడో చూద్దామనుకున్నాడు. చూడలేదు.

బంతి కదిలింది. ఎమెట్ ఖాళీ సందు వైపే వచ్చాడు. సందు తెరిచి ఉంది, వేడ్‌కి రెండడుగుల్లో ఉంది, చెయ్యి చాస్తే అందేలా ఉంది. అతని ఎడమకాలు లేవబోయింది. బూటు మొన నేలలో గుచ్చి దాన్ని ఆపాడు. ఎమెట్ ఒక్క క్షణం తటపటాయించాడు. నెల రోజులుగా వేడ్ చోటు వదులుతాడు, తను వెనక్కి తిరిగి అటు దూరతాడు, అది వాడికి అలవాటై కూర్చుంది. ఈసారి తిరిగి చూస్తే వేడ్ అక్కడే ఉన్నాడు, అద్దె కట్టి కూర్చున్నవాడిలా. ఇంకోదారి లేక ఎమెట్ మళ్లీ ఖాళీ సందుకే తిరిగాడు.

అప్పటికి అది ఖాళీగా లేదు. వేడ్‌కి ముందు బూట్ల చప్పుడు వినిపించింది, తర్వాత భుజానికి భుజం తగిలిన చప్పుడు. ఆ చప్పుడు పై వరుసల దాకా వినిపించిందని తర్వాత చెప్పుకున్నారు. ఎమెట్ గీతకి ఇవతలే వెల్లకిలా పడ్డాడు. వాడి మీద టెవిన్ ఉన్నాడు, ఈసారి చేతుల్లో గాలి కాదు, మనిషి ఉన్నాడు.

అందరూ పరుగెత్తుకెళ్లి టెవిన్ మీద గుట్టగా పడ్డారు. వేడ్ వెళ్లలేదు. ఉన్నచోటే గడ్డి మీద కూలబడి, హెల్మెట్ తీసి పక్కన పెట్టుకుని నవ్వుతున్నాడు. భుజాల మీది బరువు ఒక్కసారిగా దిగిపోయింది. ఇన్నాళ్లూ ఇద్దరి పని ఒక్కడే చేస్తూ ఎంత అలిసిపోయాడో అతనికి అప్పుడు తెలిసింది. హాయిగా ఉంది. లేవాలని కూడా అనిపించలేదు.

కోచ్ రస్క్ వచ్చి పక్కన నిలబడ్డాడు. వంగి ఆ హెల్మెట్ తీసి, వెనకున్న ఆకుపచ్చ చుక్కని బొటనవేలితో గట్టిగా నొక్కాడు, ఊడకుండా అంటించినట్టు. హెల్మెట్ వేడ్ ఒళ్లో పెట్టి, వీపు తట్టి వెళ్లిపోయాడు.

అమ్మమ్మ కంచె దగ్గరికి వచ్చింది. ఆవిడ మొహంలో సంతోషమేమీ లేదు.

"ఆఖర్న ఏమైంద్రా నీకు? అంత గొడవ జరుగుతుంటే దిష్టిబొమ్మలా నిలబడ్డావు."

"నిలబడమన్నారు అమ్మమ్మా."

"ఏమీ చెయ్యకుండానా?"

"ఏమీ చెయ్యకుండానే."

"దానికేనా ఆయన నీ వీపు తట్టింది?"

"దానికే."

ఓపల్ పొద్దుతిరుగుడు పొట్టు ఊసింది. "ఆ మాత్రం నేనూ నిలబడేదాన్ని," అంది. "పద, స్టేక్ తిందువుగాని."

రాత్రి భోజనాల దగ్గర ఎమెట్ మెడలో తువ్వాలు వేసుకుని, మొహం మాడ్చుకుని స్టేక్‌లు వడ్డించాడు. టెవిన్ పళ్లెంలో అందరికన్నా పెద్ద ముక్క వేసి, "కావాలని మాడ్చా," అన్నాడు. మాడలేదు. టెవిన్ సగం తినేసరికి ఆయాసపడి, బెల్టు వదులు చేసుకుని వెనక్కి వాలాడు.

వేడ్ తన పళ్లెం మీదినుంచి వాడి పళ్లెం వైపు చూశాడు. వాడు ఎలాగూ తినలేడు, వృథా అయిపోతుంది, సాయం చేస్తే పోలా అనిపించింది. ఫోర్క్ దానంతట అదే అటు పోయింది.

టెవిన్ కదల్లేదు. కళ్లు సగం మూసుకునే ఉన్నాడు.

"అన్నా," అన్నాడు. "ఇప్పుడు నువ్వు ఎవరింట్లో ఉన్నావు?"

వేడ్ ఫోర్క్ వెనక్కి తీసుకుని, తన పళ్లెంలోది తిన్నాడు.